ఎలుకల మందా, బోనా, తాపీ మేస్త్రీయా: మీ ఇంటికి ఏది నప్పుతుంది?

విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల ఏ కొట్టుకెళ్లి ఎలుకలకి ఏమైనా ఇవ్వమన్నా కౌంటరు అవతల నుంచి వచ్చే ప్రశ్న ఒకటే: "తిన్నెంటనే సచ్చిపోవాలా బాబూ, బయటికెళ్లి సచ్చిపోవాలా?" అందరం రెండోదే అడుగుతాం. ఇంట్లో చస్తే కంపు భరించాలి కదా. కానీ తిని బయటికి వెళ్లి చచ్చే మందు అంటూ ఏదీ లేదు. దాహమేసి నీళ్ల కోసం వీధిలోకి పోతుందన్నది అమ్మేవాళ్లు చెప్పే మాట. ఒంట్లో బాగోలేని ఎలుక ఎక్కడికీ పోదు, తన గూటికే పోతుంది. ఆ గూడు మీ అటక మీదో, ఫాల్స్ సీలింగ్‌లోనో, బీరువా వెనకో ఉంటుంది.

మనం సాధారణంగా ముందు మందు కొంటాం, అది పని చెయ్యకపోతే బోను తెస్తాం, ఏ పండక్కో సున్నాలు వేయించినప్పుడు కన్నాలు పూడుస్తాం. ఈ వరస తిరగేస్తే ఖర్చు తగ్గుతుంది, ప్రమాదమూ తగ్గుతుంది. ముందు మేస్త్రీ, తర్వాత బోను, తప్పనిసరైతేనే మందు. అయితే ఏ ఇంటికైనా ఇదే మంత్రం అనను. పాత పెంకుటింటికీ, కొత్త అపార్ట్‌మెంటుకీ, బియ్యం గోడౌనుకీ వరస కొంచెం మారుతుంది. అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసింది ఒకటుంది: ఇంట్లో తిరుగుతున్నది ఏ జంతువు?

అదేమిటో ముందు చూడండి

రాత్రి పడుకోబోయే ముందు గోడ వారన కాస్త ముగ్గుపిండి పలచగా చల్లి, పొద్దున్నే టార్చి ఏటవాలుగా వేసి చూడండి. అడుగులు, తోక ఈడ్చిన గీత కనిపిస్తాయి. ఎలుకలు నడిగదిలోంచి నడవవు, గోడకి ఒళ్లు రాసుకుంటూ ఒకే దారిన పోతాయి. అందుకే పాత ఇళ్లలో గోడ అడుగున, దూలం పక్కన నల్లటి జిడ్డు గీత పడుతుంది. ఆ గీత ఎక్కడ మాయమైతే అక్కడే కన్నం.

పెంటికలు కూడా చెబుతాయి. బియ్యపు గింజంత ఉంటే చిట్టెలుక. సెంటీమీటరు దాటి, రెండు కొనలూ సన్నగా ఉంటే మామూలు ఇంటి ఎలుక. ఒంటికన్నా తోక పొడుగ్గా ఉండే రకం ఇది, పైనుంచి వస్తుంది: కొబ్బరి చెట్టు, కేబుల్ వైరు, పక్కింటి చూరు. ఇంటి పునాది దగ్గర, మురుగు కాలువ గట్టున మట్టి కుప్పగా తోడేసి ఉంటే అది పందికొక్కు. అర కిలో నుంచి కిలో దాకా తూగుతుంది, కింద నుంచే వస్తుంది.

ఇక మూతి పొడుగ్గా, కళ్లు ఆవగింజల్లా ఉండి, కిచకిచమంటూ గోడ వెంట పరుగెత్తి వెనకాల ఒక రకం కంపు వదిలేది చుంచు. అది అసలు ఎలుక జాతే కాదు. బొద్దింకల్ని, పురుగుల్ని తిని బతుకుతుంది, వైర్లు కొరకదు. దాని కోసం మందు కొనకండి. బొద్దింకలు తగ్గితే అదే పోతుంది.

ఇది తేల్చుకోకుండా కొంటే డబ్బు దండగ. పందికొక్కుకి చిట్టెలుకల బోను పెడితే బోను ఈడ్చుకుపోతుంది. పైనుంచి వచ్చే ఎలుకకి వంటింటి నేల మీద మందు పెడితే చీమలు తింటాయి.

భయపడాల్సింది దేనికి

కొరుకుతుందనే మనకి ఎక్కువ భయం. కరిచినచోట సబ్బుతో, కారే నీళ్ల కింద పావుగంట కడిగి, డాక్టరుకి చూపించి టీటీ వేయించుకోవాలి. ఎలుక వల్ల రేబిస్ రావడం చాలా అరుదు, టీకా అవసరమో కాదో డాక్టరే చెబుతారు. పసిపిల్లలు, షుగరు వల్ల కాళ్లు మొద్దుబారినవాళ్లు నేల మీద పడుకుంటే మాత్రం జాగ్రత్త. వాళ్లకి కొరికింది తెలియదు, తెలిసినా చెప్పలేరు.

అసలు ప్రమాదం దాని మూత్రంలో ఉంది. లెప్టోస్పైరోసిస్, ఎలుక జ్వరం అనేది ఇదే. ఎలుక మూత్రం కలిసిన నీళ్లలో చెప్పులు లేకుండా నడిచినప్పుడు కాలి పగుళ్లలోంచి, చిన్న గాట్లలోంచి క్రిమి ఒంట్లోకి పోతుంది. పశువులు, పందులు, కుక్కలు కూడా దీన్ని మోస్తాయి గానీ ఊళ్లో మన గుమ్మం దాకా తెచ్చేది ఎక్కువగా ఎలుకే. సాధారణంగా వారం, రెండు వారాల్లో జ్వరం వస్తుంది. ఒళ్లు నొప్పులు, ముఖ్యంగా పిక్కలు పట్టుకుంటే ఓర్చుకోలేని నొప్పి, కళ్లు ఎర్రబడటం. ముదిరితే కామెర్లు, కిడ్నీలు దెబ్బతినడం. మొదట్లో డెంగీ అనో టైఫాయిడ్ అనో అనుకుంటారు. డాక్టరుకి "ఇంట్లో ఎలుకలున్నాయండీ, మొన్న మురుగు నీళ్లలో తిరిగానండీ" అని మనమే చెప్పాలి. త్వరగా పట్టుకుంటే మామూలు యాంటీబయాటిక్స్‌తోనే తగ్గే జబ్బిది.

మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలకీ అక్టోబరు, నవంబరు నెలలంటే తుపాన్ల టెన్షనే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ ఎవరూ మరిచిపోలేదు. నాగావళి, వంశధార పొంగినప్పుడు కలుగుల్లో నీళ్లు నిండి ఎలుకలు, పందికొక్కులు మెరక మీదున్న ఇళ్లలోకి వస్తాయి. నీళ్లు తీశాక ఇల్లు కడిగే రోజులే లెప్టోకి అనువైన రోజులు. గమ్ బూట్లు లేకపోతే కనీసం మామూలు బూట్లు వేసుకునే దిగండి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఉన్న ఇళ్లవాళ్లు ఇలాంటి జ్వరాన్ని ఒక్క రోజు కూడా తేలిగ్గా తీసుకోకూడదు. ఉద్దానం జబ్బుకి కారణం ఇదని కాదు, అసలే నీరసించిన కిడ్నీ మీద ఇంకో దెబ్బ పడకూడదని.

స్క్రబ్ టైఫస్ సంగతి వేరు. అది ఎలుక కాటుతో రాదు, ఎలుకల మీద, పొదల్లో ఉండే నల్లుల్లాంటి అతి చిన్న పురుగు కుట్టడం వల్ల వస్తుంది. కుట్టినచోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు కడుతుంది. ఎలుక ఒంటి మీద బతికే ఫ్లీలు, అంటే రెక్కల్లేకుండా గెంతే చిన్న పురుగులు, అది చచ్చాక ఇంకో ఒంటిని వెతుక్కుంటాయి. 1994లో సూరత్‌లో ప్లేగు అన్నప్పుడు దేశమంతా వణికింది, ఆ ప్లేగు ఎలుకల నుంచి మనుషులకి పాకేది ఎక్కువగా ఈ ఫ్లీల వల్లే. కాబట్టి ఎలుకని చంపడంతో పని అయిపోదు. కళేబరం మన చేతికి దొరికే పద్ధతికి, దొరకని పద్ధతికి ఉన్న తేడా ఇక్కడే తెలుస్తుంది. బోనులో పడ్డది దొరుకుతుంది, మందు తిన్నది దొరకదు.

కన్నాలు పూడ్చడం: పేరు రాని పని, ఫలితం దీనిదే

బొటనవేలు పట్టే సందుంటే పెద్ద ఎలుక దూరుతుంది. పెన్సిలు పట్టే సందు చిట్టెలుకకి చాలు. దాని ముందు పళ్లు ఏడాదికి పది సెంటీమీటర్ల పైనే పెరుగుతాయి, అరగదీసుకోకపోతే నోరు మూతపడదు. అందుకే ఆకలి లేకపోయినా చెక్క, ప్లాస్టిక్ పైపు, వైరు మీది తొడుగు కొరుకుతూనే ఉంటుంది. కన్నంలో గుడ్డలు, కాగితాలు, థర్మాకోల్ కుక్కితే దానికి పని కల్పించినట్టే. వాషింగ్ మెషిన్ పైపు, ఫ్రిజ్ వెనక వైరు, కారు బానెట్ కింది వైరింగ్, ఇన్వర్టర్ కేబుల్ పోయేది ఈ పంటి అలవాటుకే. తొడుగు పోయిన రెండు వైర్లు తగిలితే షార్ట్ సర్క్యూట్. ట్రంకుపెట్టెలో దాచిన పదో తరగతి సర్టిఫికెట్లు, పట్టు చీరలు గూటి మెత్తదనానికి పనికొస్తాయి.

పూడ్చే పద్ధతి చెబుతాను. ముందు కన్నంలోకి గిన్నెలు తోమే స్టీలు పీచుని గట్టిగా కుక్కాలి, పీచు పలచగా ఉండకూడదు. దాని మీద సిమెంటు, అందులో పగిలిన గాజు పెంకులు. బాత్రూం తూములకి, గాలి కిటికీలకి ఆరు మిల్లీమీటర్ల కన్నాలున్న ఇనుప జాలీ. ప్లాస్టిక్ దోమల జాలీ ఎలుకకి ఒక రాత్రి పని. తలుపు కింద సందుకి రేకు పట్టీ కొట్టించండి, రబ్బరు పట్టీ కొరికేస్తుంది. ఏసీ పైపు, గ్యాస్ పైపు, నీళ్ల పైపు గోడలోంచి వచ్చేచోట చుట్టూ ఖాళీ వదిలేయడం మన మేస్త్రీలందరికీ అలవాటు. సింకు కింద చెయ్యి పెట్టి చూడండి, సగం ఇళ్లలో అక్కడే దొరుకుతుంది.

ఒక్క జాగ్రత్త. లోపల ఎలుకలుండగా అన్ని కన్నాలూ ఒకేసారి మూసేస్తే అవి లోపలే ఉండిపోతాయి. బోన్లు పెట్టి, రెండు మూడు రాత్రులు ఏమీ పడకపోయాక ఆఖరి కన్నం మూయండి.

ఖర్చు? ఒక రోజు మేస్త్రీ కూలీ, ఒక సిమెంటు బస్తా కూడా పూర్తిగా పట్టదు. అద్దె ఇల్లయితే ఇంటివాళ్లని అడగండి. "ఎలుకలు లేని ఇల్లుందా అమ్మా" అంటారు. వైరింగ్ కాలితే నష్టం వాళ్లదేనని చెబితే సాధారణంగా దారికొస్తారు.

బోన్లు: మూడు రకాలు, ఒకటే నా ఓటు

స్ప్రింగ్ ఉన్న చెక్క బోను చవక, పడితే వెంటనే చస్తుంది, కళేబరం చేతికి దొరుకుతుంది. నేను దీన్నే ఎంచుకుంటాను. చాలామంది ఒకటి తెచ్చి గది మధ్య పెట్టి "పడట్లేదండీ" అంటారు. ఒకటి చాలదు, ఒక గదికి నాలుగైదు కావాలి. గోడకి అడ్డంగా, ఎర ఉన్న వైపు గోడని తాకేట్టు, రెండు మూడు మీటర్లకొకటి పెట్టాలి. పెద్ద ఎలుకకి కొత్త వస్తువంటే అనుమానం. అందుకని మొదటి రెండు మూడు రాత్రులు స్ప్రింగ్ ఎక్కించకుండా ఎర మాత్రం పెట్టి తిననివ్వండి, తర్వాత ఎక్కించండి. చిట్టెలుకకి ఈ మర్యాదలేం అక్కర్లేదు, కొత్తది కనిపిస్తే అదే వచ్చి మూతి పెడుతుంది.

ఎర విషయంలో మన వైపు ఎండు నెత్తళ్లని మించింది లేదు. చేప తినని ఇళ్లలో కాల్చిన కొబ్బరి ముక్క, లేదా వేరుశనగ గుళ్లు బెల్లంతో నూరి చేసిన ముద్ద. ముద్దయితే ఎత్తుకుపోలేదు, అక్కడే నిలబడి నాకాలి. ఎరని దారంతో కట్టడం ఇంకా మంచిది.

ఇనుప చువ్వల బోను, ప్రాణంతో పట్టేది, వినాయకుడి వాహనాన్ని చంపకూడదనుకునే పెద్దవాళ్లున్న ఇళ్లకి నప్పుతుంది. చిక్కల్లా పట్టాక ఏం చెయ్యాలన్నదే. వీధి చివర వదిలితే మళ్లీ మీ ఇంటికో, పక్కవాళ్లింటికో వస్తుంది. పెద్ద చెరువు గట్టున వదిలితే ఆ గట్టున ఉన్నవాళ్లవి ఇళ్లు కావా? పందికొక్కుకి మాత్రం పెద్ద సైజు ఇనుప బోనే దిక్కు, చెక్క బోను దాన్ని ఆపలేదు.

జిగురు అట్ట కొట్టుల్లో ఎక్కువగా అమ్ముడయ్యేది, నేను అస్సలు వద్దనేది. అతుక్కున్న ఎలుక గంటల తరబడి, ఒక్కోసారి మర్నాటి దాకా కొట్టుకుంటుంది. భయంతో మూత్రం, పెంటికలు అక్కడే వదులుతుంది, అంటే ఏ జబ్బుకి భయపడుతున్నామో దాన్నే వంటింట్లో పోసుకున్నట్టు. బల్లులు, పిచ్చుకలు, పిల్లి పిల్లలు కూడా అతుక్కుంటాయి. భారత జంతు సంక్షేమ మండలి కూడా వీటిని వద్దంది. ఇప్పటికే ఏ ప్రాణైనా అతుక్కుని ఉంటే వంటనూనె రాస్తే వదులుతుంది.

మందు కొనాల్సి వస్తే

కొట్లో దొరికేవి ముఖ్యంగా మూడు. మొదటిది పసుపు భాస్వరం పేస్టు, ట్యూబులో వస్తుంది. ఇది ఇంట్లోకి రానివ్వకండి. టూత్‌పేస్టనుకుని పిల్లలు, చూపు మందగించిన పెద్దవాళ్లు వాడిన సంఘటనలున్నాయి. మొదటి రోజో రెండు రోజులో మనిషి మామూలుగానే కనిపించి, తర్వాత లివర్ దెబ్బతింటుంది. "ఏం కాలేదు కదా" అని ఇంట్లో కూర్చుంటే చేతులు దాటిపోతుంది. పైగా కోపంలోనో, బాధలోనో ఉన్న మనిషికి అందేచోట ఇలాంటిది ఉండటమే ఒక ప్రమాదం.

రెండోది జింక్ ఫాస్ఫైడ్, నల్లటి బూడిదలా ఉండే పొడి. కడుపులోని ఆమ్లం తగిలి విషవాయువు పుడుతుంది. దీనికి విరుగుడు మందు లేదు. పొలంలో, తెలిసినవాళ్లు వాడే మందు, వంటింటి మందు కాదు. ఎలుకలమీద కూడా ఇది మొదటిసారే బాగా పనిచేస్తుంది. ఎలుకకి వాంతి చేసుకునే శక్తి లేదు, అందుకే కొత్త తిండి ముందు కొంచెం రుచి చూసి ఆగుతుంది. ఆ కొంచెంతో ఒంట్లో తేడా చేసి బతికి బయటపడితే ఇక జన్మలో ఆ ఎర ముట్టదు. "మన ఎలుకలకి తెలివెక్కువండీ" అని మనం నవ్వుకునేది దీన్ని చూసే.

మూడోది బ్రోమడయోలోన్, నీలం, ఆకుపచ్చ, ఎరుపు రంగుల్లో బిళ్లలుగా వస్తుంది. రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది. గుండె జబ్బులకి ఇచ్చే వార్ఫరిన్ కుటుంబానిదే. తిన్నాక నాలుగైదు రోజులకి గానీ చావదు, కాబట్టి తిన్నదానికీ, చచ్చినదానికీ సంబంధం మిగతా ఎలుకలకి తట్టదు. విటమిన్ కె1 దీనికి విరుగుడు, అది ఆసుపత్రిలో ఇస్తారు. వ్యవసాయ శాఖ ఊళ్లలో సామూహికంగా ఎలుకల నివారణ చేయించేటప్పుడు నూకల్లో నూనె వేసి కలిపించేదీ ఇదే. మూడింట్లో ఒకటి తప్పదంటే నా సలహా ఇదే. అయితే విడిగా నేల మీద పెట్టొద్దు. ఎలుక మాత్రమే దూరే, తాళం వేసే ఎర పెట్టెలు దొరుకుతాయి, అందులో పెట్టి గోడకి బిగించండి. బిళ్లలు ఎన్ని పెట్టారో, ఎక్కడ పెట్టారో రాసుకోండి. మిగిలినవి వెనక్కి తీసేయాలి కదా. ఆ ఎలుకని తిన్న పిల్లి, గుడ్లగూబ కూడా చావొచ్చు. గుడ్లగూబ పోతే ఊళ్లో ఎలుకలు పట్టే జీవం ఇంకోటి తగ్గినట్టు.

ఎవరైనా ఏ మందు మింగినా ఉప్పునీళ్లు తాగించడం, గొంతులో వేలు పెట్టి కక్కించడం వద్దు. 108కి ఫోన్ చేసి, మందు ప్యాకెట్టు చేత్తో పట్టుకుని వెళ్లండి. ఏ మందో తెలిస్తేనే వైద్యం మొదలవుతుంది.

మిగతావి, టూకీగా

సాకెట్‌లో గుచ్చే అల్ట్రాసౌండ్ మిషన్లు కొనకండి. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2001లోనే 60కి పైగా తయారీదార్లకీ అమ్మకందార్లకీ, రుజువు లేకుండా ఇలా ప్రచారం చెయ్యొద్దని హెచ్చరిక లేఖలు రాసింది. ఆ శబ్దం గోడ దాటదు, బస్తా చాటుకీ పోదు, ఎలుకలు నాలుగు రోజుల్లో అలవాటు పడతాయి. కలరా ఉండలు ఎలుకని కదిలించవు, పైగా పసిపిల్లలున్న ఇంట్లో వాటి వాసన మంచిది కాదు. కారు బానెట్‌లో పొగాకు కాడలు పెట్టడం కొన్నాళ్లు పనిచేసినట్టే ఉంటుంది, అంతే. పిల్లి చిట్టెలుకల్ని, ఎలుక పిల్లల్ని పడుతుంది. పందికొక్కు ఎదురైతే పక్కకి తప్పుకుంటుంది.

ఏ ఇంటికి ఏది

విజయనగరం మూడు లాంతర్ల వైపు పాత వీధుల్లో వరస పెంకుటిళ్లు ఉంటాయి, గోడలు వేరైనా కప్పు ఒకటే. ఒకరింట్లో మందు పెడితే ఎలుక నాలుగో ఇంటి అటక మీద చస్తుంది, ఎవరింట్లో కంపో తేలక వీధంతా ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి. ఇలాంటిచోట మందు వద్దు. వరసలో వాళ్లంతా ఒకే వారంలో వాసాల మీద బోన్లు కట్టడం, చూరుకి తగిలే కొమ్మలు కొట్టించడం మేలు. ఒక్క ఇల్లు శుభ్రం చేస్తే నెలలోపే పక్కింటివి వస్తాయి. ఆడ ఎలుక మూడు వారాలు మోసి ఒక్క ఈతకి ఆరు నుంచి పది పిల్లల్ని పెడుతుంది, ఆ పిల్లలు రెండు మూడు నెలలకే ఈతకొస్తాయి.

అపార్ట్‌మెంటయితే కింది అంతస్తు, లిఫ్టు గుంట, చెత్త పెట్టేచోటు చూడండి. ఖర్చు అసోసియేషన్ పెట్టుకోవాలి, ఒక్క ఫ్లాటువాళ్లు చేసేది కాదు. బియ్యం కొట్టు, గోనె సంచుల గోడౌను, పలాసలో జీడిపప్పు నిలవ చేసేవాళ్లకి వేరే లెక్క. ఎలుక తినేది రోజుకు పాతిక, ముప్పై గ్రాములే, కానీ పెంటికలతో, మూత్రంతో పాడుచేసేది, సంచి కొరికితే కారిపోయేది చాలా ఎక్కువ. బస్తాలు చెక్క బల్లల మీద, గోడకి అడుగున్నర ఎడంగా పేర్చితే ఆ సందులో బోన్లు పెట్టొచ్చు, పెంటికలూ కనిపిస్తాయి. తిండి సరుకున్న గదిలో మాత్రం విషం వద్దు, గోడౌను బయట చుట్టూ ఎర పెట్టెలు పెట్టుకోవచ్చు.

శుభ్రం చేసేటప్పుడు పెంటికల్ని పొడి చీపురుతో ఊడ్వకండి, ఆ దుమ్ము ముక్కులోకి పోతుంది. ఒక వంతు బ్లీచింగ్ ద్రావణానికి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి చల్లి, పది నిమిషాలు నాననిచ్చి, గ్లవుజులతో గుడ్డ పెట్టి తీసి, గుడ్డని సంచిలో కట్టి పారేయండి.

పెస్ట్ కంట్రోల్ వాళ్లని పిలవడం పెద్ద గోడౌనుకి, హోటలుకి, అపార్ట్‌మెంటుకి లాభమే. మామూలు ఇంటికి మేస్త్రీ చాలు. పిలిస్తే, సంతకం పెట్టే ముందు మూడు విషయాలు అడగండి: లైసెన్సు చూపిస్తారా, ఏ మందు పెడతారో పేరు రాసిస్తారా, చచ్చిన ఎలుకల్ని ఎవరు తీస్తారు. కన్నాల ఊసే ఎత్తకుండా నెలనెలా వచ్చి బిళ్లలు మార్చిపోతామని ఏడాది కాంట్రాక్టు చెబితే, ఆ డబ్బుతో మేస్త్రీని రెండుసార్లు పిలవొచ్చు.